ఎవరిచ్చిన నంబరు?

రోగి చేతిలో ఉన్న ఓపీ చీటీ మీద 104562 అని ఉందనుకుందాం. ఆ చీటీ రాసిన ఆసుపత్రిలో అది ఒక్క మనిషి నంబరే. పక్క వీధి నర్సింగ్ హోమ్‌లో అదే నంబరు మరొకరిది. ఎదురుగా ఉన్న ల్యాబ్‌లో ఇంకొకరిది. ఎవరి రిజిస్టరు వారి గదిలో ఉన్నంతకాలం ఎవరికీ ఇబ్బంది లేదు. ల్యాబ్ రిపోర్టు నేరుగా ఆసుపత్రి కంప్యూటర్‌లోకి, డిశ్చార్జ్ సమ్మరీ బీమా సంస్థకు, అక్కడి నుంచి వేరే ఊళ్లోని స్పెషలిస్టుకు వెళ్లడం మొదలయ్యాకే చిక్కు వస్తుంది. గడప దాటిన మరుక్షణం ఆ 104562 ఎవరినీ గుర్తించదు.

ఈ చిక్కుకు సాంకేతికంగా జవాబు దొరికి చాలా కాలమైంది. నంబరుతో పాటు దాన్ని ఇచ్చినదెవరో కూడా రాయాలి. అలా ఒక సంస్థ ఇచ్చే నంబర్లన్నీ చెల్లే పరిధినే ఈ రంగంలో నేమ్‌స్పేస్ అంటారు. ఊళ్లో పదిమంది సుబ్బారావులుంటే ఇంటిపేరు చెప్పందే పని జరగదు కదా, నంబరుకు నేమ్‌స్పేస్ అలాంటి ఇంటిపేరు. ఇంత తేలికైన సంగతి ఆచరణలో ఎందుకు అంతగా తప్పుతోంది? దేశమంతటికీ ఒకే నంబరు వస్తే ఈ బాధ పోతుందన్న నమ్మకంలో నిజమెంత? వివిధ ప్రమాణాలనూ కొన్ని దేశాల అనుభవాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే రెండు ప్రశ్నలకూ జవాబు ఒకచోటే దొరుకుతుంది. లోపం నంబర్లలో లేదు. నంబర్లు ఇచ్చేవారి చిట్టాను ఎవరూ శ్రద్ధగా నిర్వహించకపోవడంలో ఉంది.

ప్రమాణాలు నడిచిన దారి

ఆసుపత్రి సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఉమ్మడి భాష ఉండాలని 1987లో అమెరికాలో హెచ్ఎల్7 సంస్థ పుట్టింది. దాని రెండో వెర్షన్ సందేశాలు నేటికీ ప్రపంచంలో అత్యధిక ఆసుపత్రుల్లో నడుస్తున్నాయి. రోగి వివరాలు పీఐడీ అనే వరుసలో ఉంటాయి. మొదట్లో ఆ వరుసలో గుర్తింపు నంబర్లకు వేర్వేరు గళ్లు ఉండేవి. రెండో గడిలో బయటి నంబరు, మూడో గడిలో లోపలి నంబరు, నాలుగో గడిలో ప్రత్యామ్నాయ నంబరు, పంతొమ్మిదో గడిలో అమెరికా సోషల్ సెక్యూరిటీ నంబరు. ఈ ఏర్పాటులోని లోపం వాడకంలో బయటపడింది. ఆసుపత్రికి లోపలిదైన నంబరు ల్యాబ్‌కు బయటిది. సందేశం చేతులు మారినప్పుడల్లా ‘లోపల’, ‘బయట’ తారుమారవుతాయి. మూడో సంస్థ దగ్గరికి వెళితే ఆ గళ్లకు అర్థమే ఉండదు.

అందుకని తర్వాతి సంచికల్లో నంబర్లన్నిటినీ మూడో గడిలోకే చేర్చి, ఆ గడి ఎన్నిసార్లయినా పునరావృతం కావచ్చన్నారు. అందులోని ప్రతి నంబరు వెంటా అది ఇచ్చిన అసైనింగ్ అథారిటీ, అది ఏ రకం నంబరన్నది తెలిపే కోడ్ ఉండాలన్నారు. ఇక్కడే అతి సాధారణమైన పొరపాటు దొర్లుతుంది. రకం కోడ్‌లో ‘ఎంఆర్’ అని రాసి, నేమ్‌స్పేస్ ఇచ్చేశామనుకుంటారు. ఎంఆర్ అంటే మెడికల్ రికార్డ్ నంబరని మాత్రమే తెలుస్తుంది. ఏ ఆసుపత్రి మెడికల్ రికార్డ్ నంబరో తెలియదు. రకం వేరు, ఇచ్చినవారు వేరు.

మరి ఇచ్చినవారికి ప్రపంచంలో మరెవరికీ లేని పేరు పెట్టడమెలా? టెలికాం రంగం నుంచి తెచ్చుకున్న ఓఐడీ పద్ధతి దీనికి మొదటి జవాబు. చుక్కలతో విడదీసిన అంకెల వరుస అది. హెచ్ఎల్7 సంస్థ ఓఐడీ 2.16.840.1.113883. అందులో 2.16 దేశాల కొమ్మ, 840 అమెరికా, ఆ తర్వాత 1 సంస్థల కొమ్మ, 113883 హెచ్ఎల్7. ఆ కొమ్మ చేతికొచ్చిన సంస్థ తన కింద ఎన్ని రెమ్మలైనా వేసుకోవచ్చు, పైవారిని అడగక్కర్లేదు. అధికారాన్ని పంచుతూనే రెండు పేర్లు ఢీకొనకుండా చూడటం ఈ అమరికలోని తెలివి. వైద్య పత్రాల కోసం హెచ్ఎల్7 రాసిన 2005 నాటి సీడీఏ ప్రమాణంలో ప్రతి గుర్తింపుకూ రెండు భాగాలుంటాయి. రూట్‌లో ఓఐడీ, ఎక్స్‌టెన్షన్‌లో నంబరు.

ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న హెచ్ఎల్7 వారి ఫైర్ ప్రమాణంలో ఆ రెండింటి పేర్లు సిస్టమ్, వాల్యూ. సిస్టమ్‌లో వెబ్ చిరునామా రూపంలో పేరు రాయవచ్చు. ఓఐడీ చూస్తే ఎవరిదో తెలియదు, వెబ్ చిరునామా చదవగానే అర్థమవుతుంది. ఆ సౌలభ్యానికి కొంత వెల ఉంది. కంప్యూటర్ ఈ చిరునామాను తెరిచి చూడదు, అక్షరం వెంట అక్షరం పోల్చి చూస్తుందంతే. చివర ఒక గీత ఎక్కువైనా, ఒకచోట హెచ్‌టీటీపీ మరోచోట హెచ్‌టీటీపీఎస్ అని ఉన్నా అవి రెండు వేర్వేరు నేమ్‌స్పేస్‌లే. పైగా ఒకే సంస్థకు పాత ఓఐడీ, కొత్త చిరునామా రెండూ ఉండవచ్చు. ఉదాహరణకు సోషల్ సెక్యూరిటీ నంబరు ఓఐడీ 2.16.840.1.113883.4.1, ఫైర్‌లో దానికి వేరే చిరునామా. ఈ రెండూ ఒకటేనని చెప్పడానికి ఫైర్‌లో నేమింగ్‌సిస్టమ్ అనే ప్రత్యేక రికార్డు ఉంది. ప్రమాణం అంతవరకే చేయగలదు. ఆ రికార్డును నింపి, తాజాగా ఉంచడం మనుషుల పని.

పేరు పెట్టాక దొర్లే తప్పులు

ఆచరణలో నేమ్‌స్పేస్‌లు చెడిపోయే దారులు కొన్ని పదేపదే కనిపిస్తాయి. మొదటిది నమూనాను యథాతథంగా దించుకోవడం. ప్రమాణాల పుస్తకాల్లో ఉదాహరణల కోసమే కేటాయించిన ఓఐడీలుంటాయి. హెచ్ఎల్7 ఇందుకు 2.16.840.1.113883.19 అనే కొమ్మను విడిగా ఉంచింది. సాఫ్ట్‌వేర్ బిగించే కుర్రాడు ఉదాహరణను కాపీ చేసి పని కానిస్తే, రెండు ఆసుపత్రులు తమకు తెలియకుండానే ఒకే ఇంటిపేరు మోస్తాయి.

రెండోది పరీక్షల కోసం సృష్టించిన రోగులు. టెస్ట్ సర్వర్‌కూ అసలు సర్వర్‌కూ ఒకే నేమ్‌స్పేస్ ఇస్తే, ఉత్తుత్తి రోగి రక్తపరీక్ష ఏదో ఒక రోజు నిజమైన రోగి కేస్ షీట్‌లో తేలుతుంది.

మూడోది నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టడం. చాలాచోట్ల ఓపీ నంబరు జనవరి ఒకటిన, కొన్నిచోట్ల రోజూ పొద్దున్నే మొదటికొస్తుంది. అది ఆ సందర్శన నంబరే తప్ప మనిషి నంబరు కాదు. సంవత్సరం కలపకుండా దాన్ని రోగి గుర్తింపుగా బయటికి పంపితే, నిరుటి 500వ నంబరు మనిషీ ఈ ఏటి 500వ నంబరు మనిషీ ఒకరైపోతారు.

నాలుగోది ఆసుపత్రుల కొనుగోళ్లు, విలీనాలు. రెండు సంస్థలు కలిసినప్పుడు పాత నంబర్లను కొత్త యాజమాన్యం పేరు కిందికి మార్చేయాలని ఉబలాటపడతారు. పరిధులు వేర్వేరుగా ఉన్నంతకాలం ఢీకొనని నంబర్లు అప్పుడు ఢీకొంటాయి. నేమ్‌స్పేస్ నంబరు పుట్టుకను చెబుతుంది, ఇప్పటి యజమానిని కాదు. భవనం మీద బోర్డు మారినా దాన్ని మార్చకూడదు.

అయిదోది రాతలో తేడాలు. నంబరు విలువ అక్షరాల వరుస. 00123, 123 ఒకటి కావు. రికార్డులను స్ప్రెడ్‌షీట్‌లో ఒకసారి తెరిచి మూస్తే ముందున్న సున్నాలు మాయమవుతాయి. గీతలతో రాసిన నంబరునూ గీతల్లేకుండా రాసిన నంబరునూ కంప్యూటర్ రెండుగా చూస్తుంది. ఏ రూపంలో నిల్వ చేయాలో ఇచ్చిన సంస్థే ఒకసారి తేల్చి చెప్పాలి.

చెక్ డిజిట్ ఉంటే సరిపోతుందని కొందరనుకుంటారు. ఆధార్‌లో చివరి అంకె వెర్‌హాఫ్ పద్ధతిలో లెక్కగట్టిన చెక్ డిజిట్, బ్రిటన్ ఎన్‌హెచ్‌ఎస్ నంబరుది మాడ్యులో 11 పద్ధతి. టైపింగ్‌లో జారిన అంకెను అవి పట్టిస్తాయి. నంబరు ఎవరిచ్చారో చెప్పలేవు.

పరిధుల మధ్య లంకె

ప్రతి ఆసుపత్రి తన నంబరును తాను ఉంచుకోగా, ఇక్కడి 104562 అక్కడి 88710 ఒకరేనని ఎవరో ఒకరు గుర్తుంచుకోవాలి. ఉత్తర అమెరికా రేడియాలజీ సంఘం, ఆరోగ్య సమాచార నిర్వాహకుల సంఘం హిమ్స్ కలిసి 1998లో మొదలుపెట్టిన ఐహెచ్ఈ ఈ పనికి పిక్స్ అనే పద్ధతిని రాసిపెట్టింది. ప్రతి సంస్థా కొత్త రోగి వివరాలను మధ్యనున్న క్రాస్ రిఫరెన్స్ మేనేజర్‌కు పంపుతుంది. ఫలానా పరిధిలోని ఫలానా నంబరుకు నా పరిధిలో నంబరెంత అని ఎవరైనా దాన్ని అడగవచ్చు. పిక్స్ ఎవరి నంబరునూ రద్దు చేయదు, ఒకదాని పక్కన మరొకటి రాస్తుంది. పాత రిజిస్టర్లను కదిలించకుండా పని జరగడమే దీని బలం.

లంకె వేయడం కన్నా విప్పడం కష్టం. ఒకే మనిషికి రెండు నంబర్లుంటే హెచ్ఎల్7లోని ఏ40 అనే సందేశంతో కలిపేస్తారు. వాడకం ఆపిన నంబరును చెరిపేయకూడదు, మరొకరికి ఇవ్వకూడదు. పాతదని గుర్తుపెట్టి ఉంచాలి, ఎందుకంటే ఆ నంబరుతో బయటికెళ్లిన కాగితాలు ఎప్పుడైనా తిరిగి రావచ్చు. ఇద్దరు మనుషులు పొరపాటున ఒకే నంబరు కింద కలిసిపోవడం మరీ ప్రమాదం. ఒకరి రక్తం గ్రూపు, పడని మందుల జాబితా మరొకరి పేరు మీదికొస్తాయి. డూప్లికేట్ రికార్డు వల్ల పాత చరిత్ర కనబడకుండా పోతుంది, కలగాపులగమైన రికార్డు వల్ల తప్పుడు చరిత్ర నిజంలా కనబడుతుంది. నంబర్లు కలిపే అధికారం ఎవరికుందో, కలిపినదాన్ని విడదీసే దారేమిటో ముందే రాసుకోని వ్యవస్థలు ఇక్కడే దెబ్బతింటాయి.

పేర్లతో పోల్చడం

నంబర్లు కలవనప్పుడు మిగిలేది పేరు, పుట్టిన తేదీ, లింగం, చిరునామా, ఫోన్. ఈ పోలికకు గణిత పునాదిని 1969లో ఫెల్లెగీ, సంటర్ అనే గణాంక శాస్త్రవేత్తలు వేశారు. ప్రతి వివరం కలిసినందుకూ కలవనందుకూ కొంత బరువు ఇచ్చి, మొత్తాన్ని బట్టి ఒకరే, కారు, మనిషి చూడాలి అని మూడు కుప్పలు చేస్తారు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం హ్యారిస్ కౌంటీ ప్రభుత్వ ఆసుపత్రుల రికార్డుల్లో మరియా గార్సియా పేరుతో 2,488 మంది తేలారు. వారిలో 231 మంది పుట్టిన తేదీ ఇంకొక మరియా గార్సియాతో కలిసింది. పేరూ తేదీ కలిస్తే ఒకరే అనుకోవడం ఎంత ముప్పో దీన్నిబట్టి తెలుస్తుంది.

తెలుగు పేర్ల దగ్గర ఈ యంత్రాలు మరింత తడబడతాయి. పాశ్చాత్య ప్రమాణాలు పేరును కుటుంబ నామం, వ్యక్తి నామం అని రెండు గళ్లుగా అడుగుతాయి. మన ఇంటిపేరు ఒకచోట ముందు పొడి అక్షరంగా, మరోచోట చివర పూర్తిగా, ఇంకోచోట అసలే లేకుండా ఉంటుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉన్నవారి అమెరికా వీసా మీద మొదటి పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని అచ్చవుతుంది. మొదటి పేరు తెలియదు అనే ఇంగ్లిషు మాటకు పొట్టి రూపం అది. ఆసుపత్రి గుమస్తా దాన్నే పేరుగా ఎక్కిస్తే, పోలిక యంత్రానికి ఎఫ్ఎన్‌యూలందరూ ఒకే పేరువారు.

ఉచ్చారణను బట్టి పేర్లను కలిపే సౌండెక్స్ 1918లో అమెరికాలో పేటెంటు పొందిన పద్ధతి. అది మొదటి అక్షరాన్ని ఉన్నదున్నట్టు ఉంచుతుంది. లక్ష్మిని ఇంగ్లిషులో కేఎస్‌హెచ్‌తో రాసినా ఎక్స్‌తో రాసినా కలుపుతుంది. ఎల్లమ్మను ఒకచోట ఈతో, ఇంకోచోట వైతో మొదలుపెట్టి రాస్తే మాత్రం ఇద్దరు మనుషులను చేస్తుంది. ఓబులేసు ముందు ఎవరైనా వీ తగిలిస్తే అతనిదీ అదే గతి. పుట్టిన తేదీ సరిగా తెలియక జనవరి ఒకటి వేయించుకున్నవారి సంఖ్య పెరిగితే, ఆ వివరానికి ఇచ్చే బరువు కూడా తగ్గించాల్సిందే. పోలిక సూత్రాలను ఊరినిబట్టి సరిచేయకుండా దిగుమతి చేసుకుంటే పని జరగదు.

ఒకే నంబరు ఉన్న దేశాల్లో

ఇన్ని తిప్పలెందుకు, దేశమంతటికీ ఒక నంబరు పెడితే పోదా అన్నది సహజమైన ప్రశ్న. అమెరికాలో 1996 నాటి హిపా అనే ఆరోగ్య బీమా చట్టం అదే చెప్పింది. పౌరుల ఏకాంతానికి ముప్పని భయపడి, 1998లో అక్కడి చట్టసభ ఆ పనికి ప్రభుత్వ సొమ్ము వాడకుండా నిషేధం పెట్టింది. వృద్ధుల బీమా పథకం మెడికేర్ కూడా సోషల్ సెక్యూరిటీ నంబరును వదిలి, 2018 నుంచి 11 అక్షరాంకెల సొంత గుర్తింపు ఇచ్చింది. 0, 1, 2, 5, 8 అంకెల్లా కనిపించే ఆరు ఇంగ్లిషు అక్షరాలను అందులో వాడరు. మొత్తమ్మీద అమెరికా పోలిక సూత్రాల మీదే ఆధారపడింది.

బ్రిటన్‌లో జాతీయ నంబరుంది, అయితే ఒకటి కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఎన్‌హెచ్‌ఎస్ నంబరు, స్కాట్లాండ్‌లో సీహెచ్ఐ నంబరు, ఉత్తర ఐర్లండ్‌లో హెచ్ అండ్ సీ నంబరు. మూడూ పది అంకెలే, మూడింటి చెక్ డిజిట్ లెక్కా ఒకటే. నంబరు చూసి ఎవరిదో చెప్పగలిగేది ముందుచూపుతో పంచుకున్న శ్రేణుల వల్లనే. స్కాట్లాండ్ నంబరు పుట్టిన రోజుతో మొదలవుతుంది కాబట్టి మొదటి రెండంకెలు 31 దాటవు. ఉత్తర ఐర్లండ్ వారు 32 దగ్గర మొదలుపెట్టి 39తో ఆపారు. ఇంగ్లండ్‌ది 4, 6, 7లతో మొదలవుతుంది.

స్వీడన్‌లో 1947 నుంచి, డెన్మార్క్‌లో 1968 నుంచి ప్రతి పౌరుడికీ వ్యక్తి నంబరుంది. అయినా స్పృహలేని స్థితిలో తెచ్చిన అపరిచితుడికీ ఆ నంబరు లేని విదేశీయుడికీ ఏదో ఒక గుర్తింపు వెంటనే కావాలి. స్వీడన్‌లో ప్రాంతీయ ఆరోగ్య యంత్రాంగాలు అందుకు రిజర్వు నంబర్లు ఇస్తాయి. అంటే జాతీయ నంబరు పక్కనే మళ్లీ స్థానిక పరిధులు పుట్టాయి.

జాతీయ నంబరు ఒక్కటే చాలదన్న విషయాన్ని అందరికన్నా స్పష్టంగా ఒప్పుకొని చట్టంలో పెట్టినది ఫ్రాన్స్. 2021 జనవరి 1 నుంచి అక్కడి ఆరోగ్య రికార్డులకు ఐఎన్ఎస్ అనే జాతీయ గుర్తింపు తప్పనిసరి. అది ఉత్త నంబరు కాదు. సామాజిక భద్రత నంబరు, దాని ఓఐడీ, పుట్టినప్పటి పేరు, మొదటి పేర్లు, పుట్టిన తేదీ, లింగం, పుట్టిన ఊరి కోడ్ అన్నీ కలిస్తేనే ఐఎన్ఎస్. శాశ్వత నంబరుకు ఓఐడీ 1.2.250.1.213.1.4.8, తాత్కాలికంగా ఇచ్చినదానికి చివర 9, పరీక్షల కోసం వాడేదానికి చివర 10. టెస్ట్ రోగి అసలు రోగిలో కలవకుండా గోడను ఓఐడీలోనే కట్టారు. ఒకే నంబరు తెచ్చుకున్న దేశం కూడా ఇచ్చినవారి పేరును పక్కన రాయక తప్పలేదన్నది గమనించాల్సిన సంగతి.

ఏకాంతం దృష్ట్యా ఆస్ట్రియా వేరే దారి పట్టింది. మూల నంబరు నుంచి ఒక్కో రంగానికి ఒక్కో గుర్తింపును గణితంతో పుట్టిస్తారు. ఆరోగ్య రంగం గుర్తింపు తెలిసినంత మాత్రాన పన్నుల రంగంలోని గుర్తింపు బయటపడదు. నేమ్‌స్పేస్ ఇక్కడ రక్షణ గోడగా పనిచేస్తుంది.

మన దేశం సంగతి

భారతదేశంలో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబర్ 27న దేశమంతటా మొదలైంది. పౌరుడికి 14 అంకెల ఆభా నంబరు, దానితో పాటు ఈమెయిల్‌లా కనిపించే ఆభా అడ్రస్ ఇస్తారు. ఇప్పటికి 70 కోట్లకు పైగా ఆభా నంబర్లు ఇచ్చారు. అది స్వచ్ఛందం. రికార్డులు ఎక్కడి ఆసుపత్రిలో అక్కడే ఉంటాయి, రోగి సమ్మతితో చేతులు మారతాయి. కాబట్టి ఆసుపత్రి సొంత యూహెచ్ఐడీ నంబరు పోదు, ఆభా దాని పక్కన వచ్చి చేరుతుంది. పాత రికార్డులను వెతికే దశలో ఆసుపత్రికి వెళ్లే అభ్యర్థనలో మొబైల్ నంబరు లాంటి ధ్రువీకరించిన గుర్తింపులు ఒకవైపు, రోగి తానే చెప్పిన ఎంఆర్ నంబరు లాంటి ధ్రువీకరించని గుర్తింపులు మరోవైపు, వాటితో పేరు, లింగం, పుట్టిన ఏడాది ఉంటాయి. ఏ గుర్తింపును ఎంత నమ్మాలో విడదీసి చెప్పడం ఈ రూపకల్పనలో మెచ్చుకోదగ్గది.

పేరు మార్పు చిక్కు కూడా ఇక్కడ కళ్లెదుటే ఉంది. ఈ కార్యక్రమం మొదటి పేరు నేషనల్ డిజిటల్ హెల్త్ మిషన్, పొట్టిగా ఎన్‌డీహెచ్‌ఎం. పేరు మారాక కూడా పుణె సీ-డాక్‌లోని వైద్య రికార్డు ప్రమాణాల కేంద్రం ఎన్ఆర్‌సీఈఎస్ ప్రచురించే ఫైర్ మార్గదర్శిలోని చిరునామాల్లో ఎన్‌డీహెచ్‌ఎం అనే మాట అలాగే ఉంది. చూసినవారికి అశ్రద్ధ అనిపించవచ్చు. నిజానికి అలా ఉంచడమే సరైనది. మార్చి ఉంటే అంతవరకూ రాసిన సాఫ్ట్‌వేర్లన్నీ ఒక్కసారిగా తప్పయ్యేవి. మారే పేర్లను శాశ్వత చిరునామాల్లో పెట్టకూడదన్నది దీన్నుంచి మిగతావారు నేర్చుకోవాల్సిన పాఠం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు అర్హతకు ఆధారం తెల్ల రేషన్ కార్డు. ఆ కార్డు కుటుంబానిది. ఇంట్లో అయిదుగురికీ నంబరు ఒకటే. చెల్లింపు లెక్కలకు అది చక్కగా సరిపోతుంది, చికిత్స రికార్డుకు సరిపోదు. మొబైల్ నంబరుదీ ఇదే కథ, ఇంటిల్లిపాదికీ కొడుకు ఫోనే ఉంటుంది. నేమ్‌స్పేస్ నమోదు చేసేటప్పుడు ఆ నంబరు మనిషిదా, కుటుంబానిదా, ఒక సందర్శనదా అని కూడా రాసుకోవాలనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

చేయాల్సిన పని

ఇన్ని అనుభవాలు చెప్పేది ఒక్కటే. జాతీయ నంబరు మిగతా పరిధులను రద్దు చేయదు. అది వాటన్నిటికీ ఉమ్మడిగా తెలిసిన మరొక పరిధి. దాని వల్ల మేలు చాలా ఉంది, లంకె వేయడం తేలికవుతుంది. ఆభా లేని రోగి, ఇప్పుడే పుట్టిన బిడ్డ, పేరు తెలియని ప్రమాద బాధితుడు, పదేళ్ల కిందటి కేస్ షీట్ ఉన్నంతకాలం స్థానిక నంబర్లు ఉంటాయి. వాటికి ఇంటిపేర్లు ఉండాలి.

మన దగ్గర అందుకు కావాల్సిన సరంజామా సగం సిద్ధంగానే ఉంది. హెల్త్ ఫెసిలిటీ రిజిస్ట్రీలో చేరిన ప్రతి ఆసుపత్రికీ ‘ఐఎన్’ తర్వాత పది అంకెలున్న గుర్తింపు వస్తుంది. ఆ గుర్తింపు పునాదిగా ప్రతి ఆసుపత్రికీ ఒక శాశ్వత నేమ్‌స్పేస్ కేటాయించి బహిరంగ జాబితాలో పెడితే, చిన్న నర్సింగ్ హోమ్ సొంతంగా ఓఐడీ కోసం తిరగాల్సిన పని ఉండదు. ఆ జాబితాలో ప్రతి పేరుకూ అయిదు విషయాలుండాలి. నంబరు ఇచ్చేదెవరు, అది ఎవరిని సూచిస్తుంది, ఏ రూపంలో రాయాలి, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా వాడారు, టెస్టుదా అసలుదా. ఆసుపత్రి మూతపడినా, చేతులు మారినా ఆ పేరు చెరిగిపోకూడదు, మరొకరికి వెళ్లకూడదు.

ఆసుపత్రి వైపు నుంచి చూస్తే, ఈ బాధ్యతను సాఫ్ట్‌వేర్ కంపెనీకి వదిలేయడం పెద్ద పొరపాటు. కంపెనీ మారుతుంది, నంబర్లు ఉంటాయి. ఏ నంబర్లు కలపాలి, దేన్ని విడదీయాలి, ‘బేబీ ఆఫ్’ అని రాసిన పసిబిడ్డ రికార్డును పేరు పెట్టాక ఎలా మార్చాలి అన్నవి మెడికల్ రికార్డ్స్ విభాగం నిర్ణయాలు. ఆ విభాగంలో ఇద్దరు గుమస్తాలను ఈ పనికే కేటాయించి, వారు కలిపిన ప్రతి రికార్డుకూ కారణం రాయించే ఆసుపత్రి, ఖరీదైన పోలిక యంత్రం కొని దాన్ని ఎవరూ చూడని ఆసుపత్రి కన్నా నమ్మదగినది. బడ్జెట్‌లో మొదటి పద్దు అక్కడ పడాలి.